ఎనిమిదో భుజం

"అద్దం చుట్టూ రెండొందల నలభై సెంటీమీటర్లు. ఎనిమిది భుజాలూ సమానం, ఒక్కోటి ముప్పై. మరి చట్రానికి బద్ద రెండొందల యాభై ఎందుకు నాన్నా, తగలెయ్యడానికా?"

"డిగ్రీ చదివావుగా, నువ్వే కొయ్యి!" వడ్రంగి రంపాన్ని కూతురి ముందుకు విసిరాడు.

ఉన్నది ఆ ఒక్క బద్దే. చట్రం కట్టమని అద్దం ఇచ్చిన మనిషి కాసేపట్లో వస్తాడు. ఆమె పంతంకొద్దీ ముందు ఆ ఎక్కువున్న పదీ కోసి పారేసి, ముప్పై చొప్పున ఏడు ముక్కలు తీసింది. ఎనిమిదోది వేలి మందం తక్కువైంది.

"సరిగ్గానే కొలిచానే!"

"కొలిచావు. కోసినచోటల్లా రంపం కొంత తింటుంది. దాన్నెవరు లెక్కేస్తారు, మీ మాస్టారా?"

ఆమె కాళ్ల దగ్గరి పొట్టును చూసింది. తండ్రికి లెక్కలు రావని ఇన్నేళ్లూ ఇంటిల్లిపాదితో అన్నది తనే.

"అయిందా మేస్త్రీ?" అంటూ అద్దం మనిషి గుమ్మంలోకి వచ్చాడు.

వడ్రంగి నోరు తెరవబోయాడు.

"నేనే పాడుచేశానండీ," అంది కూతురు. "నాన్న లెక్క సరైనదే."