నలుగురికీ ఒక్క ప్యాకెట్

“నలుగురికీ ఒక్క ప్యాకెట్టేనా అక్కా?” కెమెరా అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది.

“ఒక్కటే. దానికో కిటుకుంది చూడు.” కోడలు నూడుల్స్ ప్యాకెట్టు విప్పకుండానే గట్టుమీద పెట్టి గరిటె కాడతో నాలుగు దెబ్బలు వేసింది. “పొడుగ్గా ఉంటే గొంతులోకి జారిపోతుంది, తిన్నట్టే ఉండదు. నలిపితే పళ్ళకు కాస్త పనుంటుంది.”

“పళ్ళుంటే కదటే పని!” అంది మూలన మంచం మీదున్న అత్తగారు.

కెమెరా అమ్మాయి పకపకా నవ్వింది. పొద్దున కుళాయి దగ్గర పరిచయమైన పిల్ల. తక్కువ ఖర్చులో చేసే వంటల వీడియోలు తీస్తుందట. ఒక్క పూట మీ వంటింట్లో నిలబడతానని బతిమాలితే కోడలు కాదనలేకపోయింది.

కాదంటే అనుమానం వస్తుందని కూడా భయపడింది.

దారం మిల్లు గేటుకు తాళం పడి మూడో నెల. జీతాలు పెంచేదాకా తగ్గేది లేదని కార్మికులంతా బయట కూర్చున్నారు. వాళ్ళలో ఆమె మొగుడూ ఉన్నాడు. యూనియన్ నాయకుడు, అందరూ మీసాలాయన అని పిలిచే పెద్దమనిషి, ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకు ఒకటే మాట చెప్పాడు. “ఆకలని ఎవరి దగ్గరా నోరు జారకండమ్మా. మన కడుపులు మాడుతున్నాయని తెలిసిందో, యాజమాన్యం ఇంకో నెల కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది.”

అప్పట్నుంచీ ఆ వీధి ఆడవాళ్ళు వండేందుకు ఏమీ లేనినాడు కూడా ఉత్తనీళ్ళు మరగబెట్టి గరిటె చప్పుడు చేస్తున్నారు.

కోడలు గిన్నెనిండా నీళ్ళు పోసి, అవి తెర్లుతుండగా గుప్పెడు గోధుమపిండి జారుగా కలిపి పోసింది. “ఇలా చిక్కబడితే నీళ్ళని తెలియదు. మసాలా సగమే. తక్కిన సగం రేపటికి. ఉప్పూ కారం మనవి.” తరిగిన కాబేజీ పైరేకులు అందులో వేసింది.

“ఈ రేకులు పారేస్తారు కదా అక్కా?”

“మా ఆవుకని కూరగాయలవాడు ఊరికే ఇస్తాడు.”

“ఆవుందా మీకు?”

“నేనేనమ్మా ఆ ఆవుని,” అంది అత్తగారు.

కోడలు చురుక్కున చూసింది. అత్తగారు దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

“మరి సమ్మెకు ముందో? జీతం వచ్చే రోజుల్లోనూ ఇలాగే వండేవారా?” కెమెరా అమ్మాయి మాట వెన్నలా ఉంది.

కోడలు గరిటె గట్టుమీద పెట్టింది. ఇక్కడ తడబడితే రేపు ఊరంతా ‘సమ్మెవాళ్ళు పస్తులున్నారు’ అని గుప్పుమంటుంది. మీసాలాయన మాట గుర్తు తెచ్చుకుని నిటారుగా నిలబడింది.

“అప్పుడైతే గుడ్లు కూడా పడేవి! మా ఆయన జీతంతో నలుగురం శుభ్రంగా తిని, ఇంత వెనకేసుకున్నాం కూడా. ఆ నిల్వతోనే ఇప్పుడు కూర్చుని తింటున్నాం. కావాలంటే ఇంకో ఏడాది లాగుతాం.”

“అబ్బ, ఎంత బాగా చెప్పారు! కుక్కర్ కూత అడ్డమొచ్చింది పక్కింట్లోంచి. ఇటు తిరిగి ఇంకొక్కసారి చెప్పరూ?”

కోడలు చెప్పింది. ఈసారి నవ్వుతూ, మరింత గట్టిగా.

వంట దిగింది. మొగుడి వాటా మూతపెట్టి, బడినుంచి వచ్చే కూతురి వాటా పక్కనుంచి, అత్తగారికో పళ్ళెం పెట్టింది.

“నలుగురన్నారు, మూడే పళ్ళాలున్నాయి?”

“నేను ఇందాకే తిన్నాను.”

“ఎప్పుడే నువ్వు...” అత్తగారు నోరు తెరిచింది. కోడలు చెంచా నింపి ఆ నోటికే అందించింది. మాట మెతుకుతో పాటే లోపలికి పోయింది.

వెళుతూ వెళుతూ కెమెరా అమ్మాయి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. “మీలాంటి ఇల్లాలు ఇంటికొకరుంటే చాలక్కా!”

గుమ్మం దాటాక కోడలు గిన్నె ఒళ్ళో పెట్టుకుని అడుగంటినదంతా వేలితో గీక్కుని తింది.

ఆ వారం తిరక్కముందే మొగుడు పరుగెత్తుకొచ్చాడు. “ఒసేయ్, దిగొచ్చారే! మధ్యవర్తి తీర్పుకు యాజమాన్యమే ఒప్పుకుంది. ఆడవాళ్ళ బింకం చూసే వాళ్ళ నడుం వంగిందంటున్నాడు మీసాలాయన.”

కోడలు అటు తిరిగి కళ్ళొత్తుకుంది. మాడిన కడుపు ఒక్క క్షణం నిండినట్టనిపించింది.

విచారణ నాడు కుటుంబాలన్నీ హాలు వెనక బెంచీల మీద సర్దుకున్నాయి. మధ్యవర్తిగా కూర్చున్న రిటైరైన జడ్జి కళ్ళజోడు సవరించుకున్నాడు. “నేను తేల్చాల్సింది ఒక్కటే. ఈ జీతంతో ఒక కుటుంబం బతకగలదా, లేదా?”

“లేదయ్యా!” మీసాలాయన లేచి నిలబడ్డాడు. “సమ్మెకు ముందే ఒంటిపూట తిన్న కొంపలయ్యా మావి.”

ఇన్నాళ్ళూ దాచిన ఏడుపు ఆడవాళ్ళ బెంచీల మీద ఒక్కసారిగా పొంగింది. జడ్జి తల దించుకున్నాడు. మొగుడు వెనక్కి తిరిగి కోడలికి కళ్ళతోనే చెప్పాడు, గెలిచామని.

యాజమాన్యం లాయరు తాపీగా లేచాడు. “మా తరఫున ఒక్కరే సాక్షి. ఇదే జీతంతో హాయిగా కాపురం చేసుకుంటున్న ఒక కార్మికుడి భార్య.”

హాలు భగ్గుమంది.

“ఎవత్తే అది?” అందరికంటే ముందు లేచి అరిచింది కోడలే. “మన కూట్లో మన్ను కొట్టిందా? దాని నోరు పడిపోను!”

“మొగుడు దాన్నెలా ఏలుకుంటాడో!” అంది పక్కనున్నావిడ.

లాయరు సైగ చేశాడు. కిటికీల తెరలు దించారు. ఎదురుగా గోడమీది తెర వెలిగింది.

కనిపించింది తన వంటిల్లే.