గసగసాల కేకు

"మళ్ళీ మేడమ్ వలలో పడ్డావు," అన్నాడు బోగుమిల్, యాగోదా కుర్చీ వెనక నిలబడి.

తెర మీద ఒక నక్షత్రం వెలుగు గీత నున్నగా పైకి లేచి, అంతే నున్నగా కిందికి దిగింది. చిలీ కొండ మీది టెలిస్కోపు మొన్న పట్టిన వెలుగు అది. చూసినప్పటి నుంచి యాగోదాకి ఒళ్ళు జలదరిస్తూనే ఉంది.

"ఎరుపులోనూ నీలంలోనూ ఒకేలా పెరిగింది. నక్షత్రం తనంతట తాను మెరిస్తే ఇలా ఉండదు. ముందు నుంచి ఏదో నల్లగా దాటిపోతూ, వెలుగుని భూతద్దంలా పెంచింది. చందమామంత బరువు, గసగసాల గింజలో పట్టేంత ఒళ్ళు. విశ్వంతో పాటు పుట్టింది, బోగుమిల్."

"పుట్టింది మేడమ్ కంప్యూటర్లో."

అతని మాట కొట్టిపారేసేది కాదు. చూసేవాళ్ళు కునికిపాట్లు పడకుండా, ప్రొఫెసర్ హాల్ష్కా అసలు వెలుగుల మధ్య అప్పుడప్పుడు ఓ దొంగ వెలుగు దాచిపెడుతుంది. దాచిన రోజే ఇంట్లో గసగసాల కేకు చేసి తెచ్చి, పట్టుకునేవాళ్ళ కోసం తన బల్ల మీద ఉంచుతుంది. వార్సాలోని ఈ ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతే. యాగోదా ఇప్పటికే రెండుసార్లు తింది.

విశ్వంలో కంటికి కనబడని బరువంతా ఇలాంటి బుల్లి కృష్ణబిలాలేనా? హాల్ష్కా ఇరవై ఏళ్ళు వెతికింది. ఒక్కటీ కనబడలేదని రాసిన వ్యాసం ఈ సాయంత్రం పంపేసి, రిటైరవుతుంది.

"దొంగదని గుర్తు పెట్టేసి, వెళ్ళి కేకు తెచ్చుకో. నాకూ ఓ ముక్క," అన్నాడు బోగుమిల్.

యాగోదాకి ఏడుపొచ్చినంత పనైంది. ఆవిడ కోసం ఒక్కటైనా నిజమైతే బాగుండునని ఎన్నాళ్ళుగానో కోరుకుంటోంది. గుర్తు పెట్టేసి, గీత ఉన్న కాగితం పట్టుకుని వెళ్ళింది.

హాల్ష్కా పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతోంది. బల్ల అప్పటికే ఖాళీ అయింది.

"పట్టేశాను మేడమ్. ఈసారి ఎంత అందంగా చేశారంటే, కాసేపు నిజమే అనుకున్నాను. విశ్వం మొదటి రోజుని చూసినట్టే అనిపించింది." కాగితం చేతికిచ్చింది. "ఇంతకీ నా కేకేది? పెట్టెలో సర్దేశారా?"

హాల్ష్కా కళ్ళద్దాలు పెట్టుకుని గీత వెంట వేలు నడిపింది. కొస దాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చింది. బల్లకి చెయ్యి ఆనించుకుని నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది.

"ఈసారి నేను కేకు చెయ్యలేదు, యాగోదా."