ఒక్కపూట బాపు

ఆదిశేషుకు కోపం వచ్చింది. రాదూ మరి? షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఆ కార్మికుల క్యాంపు మొత్తానికీ నాటకాలాడిన మనిషి ఆయనొక్కడే. నెత్తి ముగ్గుబుట్ట. పైగా తనంతట తానే వచ్చి, మీ నాన్నగా నేనొస్తానయ్యా, దగ్గమంటే దగ్గుతాను, మూలగమంటే మూలుగుతాను అన్నాడు. అలాంటివాణ్ణి వదిలేసి రాజేశ్వర్ పోయి పోయి వెల్డర్ లింబాద్రి వెంట పడ్డాడు. లింబాద్రికేమో అబద్ధమాడాలంటేనే చెమటలు పడతాయి.

రాజేశ్వర్ కష్టం క్యాంపులో అందరికీ తెలిసిందే. ఆర్మూరు దగ్గర ఊళ్ళో వాళ్ళ బాపుకు ఊపిరితిత్తుల క్యాన్సర్. హైదరాబాదు డాక్టరు ఏవో గోళీల పేరు రాసిచ్చి, ఇవి మన దగ్గర దొరకవు, కొడుకు దుబాయ్‌లో ఉన్నాడుగా, తెప్పించుకోండి అన్నాడట. చెప్పినంత తేలికా? ఆ గోళీలు ఇక్కడ మందుల షాపుల్లో అమ్మరు. దుబాయ్ పెద్దాసుపత్రిలో పెద్ద డాక్టరు సంతకం పెట్టాలి. రోగి వచ్చి ఆయన ఎదురుగా కూర్చోవాలి. రోగి లేకపోతే గోళీ కాదు కదా, ఖాళీ డబ్బా కూడా ఇవ్వరు.

బాపును రప్పిద్దామంటే మంచం దిగలేడు. తనే పోదామంటే పాస్‌పోర్టు, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ బీరువాలో ఉంది. అడిగితే, కాంట్రాక్టు అయ్యాక పో, ఖలాస్, అన్నాడు కఫీల్. రాజేశ్వర్ కంపెనీ వ్యాను డ్రైవరు. మనుషుల్ని పనికి దింపుతాడు, మెడికల్ టెస్టులకు తిప్పుతాడు, మెస్సుకు కూరగాయలు తెస్తాడు. రోజంతా రోడ్డు మీదే ఉంటాడు గానీ తన కోసం గేటు దాటలేడు.

అప్పుడొచ్చింది ఈ ఆలోచన. క్యాంపులో ఎవరో ఒకరు బాపుగా నటించాలి. మందులు తీసుకుని ఊరికి పంపాలి.

"ఒక్క పూట నాకు బాపువైతే చాలు కాకా," అని లింబాద్రి చేతులు పట్టుకున్నాడు.

"ఆదిశేషును తీస్కపో బిడ్డా. నాకు గిసొంటియి రావు. దొరికితె ఇద్దర్ని జేల్ల ఏస్తరు."

రాజేశ్వర్ పట్టిన పట్టు విడవలేదు. ఆదిశేషుది కోస్తా యాస, పట్టుబడిపోతాం అన్నాడు. డాక్టరు హిందీవాడాయె, ఆయనకు ఏ యాసయితేనేం అని ఆదిశేషు గొణిగాడు. ఎవరూ పట్టించుకోలేదు.

లింబాద్రికి కొడుకుల్లేరు. రాజేశ్వర్ నోట బాపూ అన్న పిలుపు వినేసరికి మెత్తబడిపోయాడు.

ఇక ఆదిశేషే కోపం దిగమింగి గురువయ్యాడు. ఊరి నుంచి వచ్చిన క్యాసెట్టులో యోగక్షేమాల మధ్య బాపు దగ్గు కూడా ఉంది. టేప్ రికార్డరులో అక్కడికి తిప్పి, మళ్ళీ మళ్ళీ వినిపించి దగ్గడం నేర్పాడు. లింబాద్రి చూస్తుండగానే అచ్చం అలాగే దగ్గాడు. ఎంతైనా వెల్డింగు పొగ మింగిన గొంతు కదా అని ఆదిశేషు మెచ్చుకున్నాడు. రాజేశ్వర్ మాత్రం నవ్వలేదు.

దుబాయ్ ఆసుపత్రిలో పెద్ద డాక్టరు హైదరాబాదు చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. చీటీలు ఎవరైనా తెస్తారు, ముందు ఎక్స్‌రే తీయాలి అన్నాడు. లింబాద్రి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అయిపాయె బిడ్డా. నా రొమ్ముల ఏం రోగముంటది? ఫోటో తీస్తె దొరుకుతం. పా, పోదాం," అని చెవిలో అన్నాడు.

రాజేశ్వర్ చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది.

"తియ్యనియ్యి బాపూ," అన్నాడు, తల ఎత్తకుండా.

ఎక్స్‌రే తీశారు. కాసేపటికి రాజేశ్వర్‌ను ఒక్కణ్ణే లోపలికి పిలిచారు. డాక్టరు ఆ నల్లటి ఫిల్మును వెలుగుకు పెట్టి, పెన్ను మొనతో ఒకచోట చూపించాడు. చీటీలో రాసింది నిజమే అన్నాడు. గోళీలు తప్పకుండా మింగిస్తే కొన్నాళ్ళు నిలబడతాడు, లేకపోతే కష్టం, నీ చేత్తో నువ్వే వేయి, నెలనెలా తీసుకురా అన్నాడు.

వెలుగులో వేలాడుతున్నది బాపు ఛాతీ కాదు, లింబాద్రిది. డాక్టరు సంతకం పెట్టిచ్చిన మందుల కాగితాన్ని రాజేశ్వర్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బయట లింబాద్రికి ప్రాణం లేచొచ్చింది. "ఎట్ల నమ్మిండురా?" అన్నాడు.

"నువ్వు మంచిగ దగ్గినవ్ కాకా."

లింబాద్రి కడుపుబ్బ నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గాడు. ఆదిశేషు నేర్పిన దగ్గు ఇంకా వదలట్లేదని మళ్ళీ నవ్వాడు.

వ్యానులో గోళీల డబ్బా ఇద్దరి మధ్యా సీటు మీద ఉంది. ఉన్నది అదొక్కటే. నోరు విప్పితే అవి లింబాద్రివి. విప్పకపోతే బాపువి. కంపెనీ చెవిన పడితే లింబాద్రిని తెల్లారేసరికి విమానమెక్కిస్తారు, మళ్ళీ నెల గోళీలు ఎవరికీ ఉండవు. ఎటు తిప్పి ఆలోచించినా దారి లేదు. రాజేశ్వర్‌కు కళ్ళు మసకబారి రోడ్డు కనపడలేదు.

"ఏడుస్తున్నవేంది బిడ్డా? బాపు మంచిగైతడు తియ్యి. వచ్చే నెల గూడ నేనే వస్త," అని లింబాద్రి భుజం తట్టాడు.

సరే అన్నాడు రాజేశ్వర్.

శుక్రవారం క్యాంపులోని సనావుల్లా సెలవు మీద ఇండియా పోతుంటే, గోళీల డబ్బాను ఆయన బ్యాగులో బట్టల మధ్య భద్రంగా పెట్టాడు. క్యాంపంతా గేటు దాకా వచ్చి సాగనంపింది. అందరికన్నా ఎక్కువ సంతోషపడ్డవాడు లింబాద్రే.

ఆదిశేషుకు మాత్రం అలక తీరలేదు. నన్ను తీసుకెళ్ళినా ఈ పనయ్యేదిగా అన్నాడు.

అయ్యేది కాదని రాజేశ్వర్‌కు తెలుసు; అంతకు ముందు నెల కంపెనీ మెడికల్ టెస్టులకు అందరినీ తిప్పినప్పుడు, ఈ లింబాద్రికి ఊపిరితిత్తిలో గడ్డ ఉంది, మీ మేనేజరుకు చెప్పు అని అక్కడి డాక్టరు చెప్పింది అతనొక్కడికే.