చివరి బెంచీ రసజ్ఞుడు

"బెలూన్లా? నా శిష్యులు బెలూన్లు పేల్చాలా? ఇది విలువిద్యా, పుట్టినరోజు పార్టీయా?"

గురువుగారి కేకకు కార్యదర్శి చేతిలోని టీ తొణికింది. అయినా అతను చలించలేదు. క్లబ్బులో కార్యదర్శే గానీ, ఇంట్లో ఆయనకు సొంత అల్లుడు. ఈ కేకలు అతనికి కొత్త కాదు.

"జనం రావట్లేదు మావయ్యగారూ! బెలూన్లు, నాలుగు రంగు దీపాలు, బాణం బాణానికీ ఓ పాట పెడదాం. దారినపోయేవాళ్ళు కూడా ఆగి చూస్తారు."

"పాటా! బాణం వదిలేదాకా చీమ చిటుక్కుమనకూడదు, అదీ మన పద్ధతి. పాట పెట్టిన రోజున నా విల్లు అటకెక్కుతుంది. దాంతోపాటే నేనూ ఎక్కుతాను."

"మరి చూసేదెవరండీ, ఖాళీ బెంచీలా?"

"ఖాళీ ఏమిటయ్యా? అదిగో!"

అప్పుడే తలుపు తోసుకుని ఒకాయన లోపలికి వచ్చాడు. ప్రతి ఆదివారం తప్పకుండా వచ్చే ఏకైక ప్రేక్షకుడు. పేరెవరికీ తెలియదు. గురువుగారు మాత్రం రసజ్ఞుడని పిలుచుకుంటారు. పిలవక ఏం చేస్తారు? పోటీకి ముందే వచ్చేస్తాడు. చెక్కబెంచీ గట్టిదని దిండు వెంట తెచ్చుకుంటాడు. ఎవరైనా దగ్గితే కొరకొరా చూస్తాడు. వింటినారి సాగగానే కళ్ళు మూసుకుని, ఆ చప్పుడును చెవులారా ఆస్వాదిస్తూ మెల్లగా తలూపుతాడు. ఇలాంటివాడు ఒక్కడున్నా తన జన్మ ధన్యమని గురువుగారు భార్యతో అనని వారం లేదు.

"అయితే ఆయన్నే అడుగుదాం. ఆయన వద్దంటే నేనిక నోరెత్తను" అన్నాడు అల్లుడు.

గురువుగారు బతుకంతా నమ్ముకున్న విద్య ఒక మనిషి నోటిమాట మీద ఆగింది.

కార్యదర్శి సంగతంతా చెప్పేసరికి రసజ్ఞుడి ముఖం పాలిపోయింది. దిండును గుండెకు హత్తుకున్నాడు.

"పాటలా? అంత పని చెయ్యకండి బాబూ! ఇంత నిశ్శబ్దం ఈ ఊళ్ళో ఇంకెక్కడ దొరుకుతుంది? వారమంతా దీనికోసమే కాచుకుని కూర్చుంటాను. పాటలు పెడితే నాలాంటివాడు ఏమైపోవాలి?"

కార్యదర్శి సిగ్గుపడి బెలూన్ల సంచీని కాలితో బల్ల కిందకు నెట్టేశాడు. గురువుగారికి కన్నీళ్ళు ఆగలేదు. తన విల్లు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు.

"మీరుండాల్సింది చివరి బెంచీలో కాదు. ఇవాళ్టి నుంచి మా న్యాయనిర్ణేత మీరే. ముందు కూర్చుని, ఏ బాణం ఎక్కడ తగిలిందో కళ్ళారా చూసి చెప్పాలి!"

ఆయన విల్లు వంక చూశాడు. గురువుగారి వంక చూశాడు. దిండును చంకలో ఇరికించుకుని, ఏడుపుగొంతుతో ప్రాధేయపడ్డాడు.

"ఇంట్లో కవల పిల్లలండీ, నేను నిద్రపోయేది ఇక్కడే!"