ఎనిమిదో మెట్టు

ఏడు స్వరాలకు ఏడుగురు పిల్లల్ని, ఫోటోకి నిలబెట్టినట్టు ఎత్తు ప్రకారం మెట్ల మీద నిలబెట్టాను. అందరికన్నా పొట్టిది మా బుడంకాయ్. కింది మెట్టూ, మొదటి స్వరమైన ‘స’ కూడా దానికే దక్కాయి.

అది మూతి ముడిచింది. “అందరికన్నా కింద నేనే ఎందుకుండాలి టీచర్?”

బుజ్జగించాను, బెదిరించాను. ససేమిరా అంది. క్లాసంతా ఆగిపోయింది.

“నేను పాడనంటే పాడను!” అని కీచుమంది.

ఆ కీచుగొంతు వినగానే నా పొరపాటు తెలిసొచ్చింది. పాటలో పై మెట్టు ఎక్కించేది కాళ్ల పొడవు కాదు, గొంతు సన్నదనం.

“ఏడు అయ్యాక ఎనిమిదో మెట్టు మీద మళ్లీ ‘స’ వస్తుంది. పైస్థాయి ‘స’. అది నీదే, పో!” అన్నాను.

ఒక్క పరుగున ఎక్కేసి, అక్కణ్ణుంచి పెత్తనం మొదలుపెట్టింది. “కింద ‘స’ ఖాళీ! మీరు నిలబడండి టీచర్!”

నిలబడ్డాను. కింద నేను బొంగురుగా, పైన అది సన్నగా, ఒకేసారి అందుకున్నాం. రెండు గొంతులూ పాలూ నీళ్లలా కలిసిపోయాయి.

అది కళ్లింత చేసుకుంది. “మెట్లు వేరు కదా, పేరెందుకు ఒకటే?”

అంతలోనే గంతేసింది.

“ఆఁ, తెలిసింది! నాకు నీ పేరే పెట్టారుగా! అమ్మ నన్ను పేరు పెట్టి తిడితే నువ్వూ ఉలిక్కిపడతావే, అలాగే కదా నానమ్మా?”

క్లాసులో ‘టీచర్’ అనే పిలవాలన్న నా నియమం ఆ పూటతో అటకెక్కింది. ఇప్పుడు మిగతా ఆరుగురికీ నేను నానమ్మనే.