ఫోనులో కీర్తన

"ఫోను లోపలెట్టి దిగమ్మా. వాక్యం ఫోనులో సూసి సదివేదేటి?"

కలకత్తా పక్కనున్న లిలువా తెలుగు చర్చిలో సంఘపెద్ద యెషయా గొంతు ఖంగుమంది. వేదిక మీద కెరోలిన్ కదల్లేదు. ముందు వరసలో నానమ్మ డోర్కాస్ కూర్చుని ఉంది. తమ ఇంటి నుంచి ఒకరు వేదికెక్కి వాక్యం చదవడం ఇదే మొదలని ఉతికి దాచుకున్న తెల్లచీర కట్టుకొచ్చింది. ఇవాళ దించేస్తే పిల్ల మళ్లీ ఎక్కదు.

"తాతా, నాకు తెలుగు చదవడం రాదు," అంది కెరోలిన్. "ఇస్కూల్లో బాంగ్లాయే కదా. నానమ్మ చదివి చెప్తుంటే ఫోనులో బాంగ్లా అక్షరాల్లో కొట్టుకున్నాను. మాటలన్నీ మనయే."

"మన అచ్చరం లేని తెలుగేటి? ఆ మేడంని అడుగు."

అందరూ కౌముది వైపు తిరిగారు. ఫోన్లు మనుషుల్ని ఏం చేస్తున్నాయో తేల్చడానికి హైదరాబాదు నుంచి వచ్చిన పరిశోధకురాలు. కిందటి ఆదివారం ఇక్కడే మైకు పట్టుకుని చెప్పింది: యంత్రం ఎటు లాగితే మనిషి అటు నడుస్తాడు, ఫోను దూరిన ఇంట్లో చిన్న భాష చస్తుంది అని. ఏసీ గదిలో పుట్టిన సిద్ధాంతం. అక్కడ ఏదైనా నిజంలాగే ఉంటుంది.

"సెప్పండి మేడం. ఫోను తెలుగుని సంపేస్తాదని మీరే అన్నారు గదా."

అవునంటే సిద్ధాంతం నిలుస్తుంది, పిల్ల దిగుతుంది. కౌముది వేదిక మీది పిల్లను చూసింది.

"అన్నాను," అంది చివరికి. "ఈ అమ్మాయిని చూడకముందు అన్నాను. ఫోను ఈమెను లాగట్లేదండీ. ఈమే దాని మెడలు వంచి తెలుగు పలికిస్తోంది. చదవనివ్వండి."

"సదవనీ దాదా," అన్నారెవరో వెనక బెంచీ నుంచి. "దేవుడికి బాంగ్లా రాదేటి?"

చర్చంతా నవ్వింది. యెషయా పక్కకు జరిగాడు.

కెరోలిన్ చదివింది. మొదట తడబడింది. పోనుపోను నానమ్మ శ్రీకాకుళం యాసంతా గొంతులోకి దిగింది. డోర్కాస్ పెదాలు మనవరాలితో పాటే కదిలాయి.

ఆరాధన ముగిశాక యెషయా కెరోలిన్‌ని గోడవారకు పిలిచాడు. ఇంకో పోట్లాటకు నడుం బిగించి కౌముది కూడా వెళ్లింది.

ముసలాయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"పాపా, నానూ లిలువాలో పుట్టి బాంగ్లా ఇస్కూల్లో సదివినోణ్నే. ఇన్నాళ్లూ పుస్తకం పట్టుకుని సదివినియ్యన్నీ మాయమ్మ నోట ఇని బట్టీ పట్టినయ్యే. నాకూ ఓ కొత్త కీర్తన బాంగ్లా అచ్చరాల్లో కొట్టి పంపవా?"