జారిన గాగుల్స్

రాష్ట్ర జట్టు ఎంపికకు బెంగళూరులో వంద మీటర్ల ఫ్రీస్టైల్ పోటీ. సగం దూరంలో మలుపు తిరిగేటప్పటికి జెమీమా ఐదోది. అక్కడే గాగుల్స్ మెడలోకి జారాయి. కళ్లు భగ్గున మండటంతో వెల్లకిలా తిరిగి, చివరిదాకా అట్లాగే ఈదేసింది.

ముగ్గురిని దాటి రెండో స్థానంలో వచ్చింది!

"ఇది చెల్లుతాదా నాయనా?" అని నీళ్లలోంచే తండ్రిని అడిగింది. చిన్నప్పటినుంచీ ఆమె కోచ్ ఆయనే.

"ఫ్రీస్టైల్లో ఎట్ల ఈదినా చెల్లుతాదమ్మా. నువ్వు జట్టులో ఉండావు."

చుట్టూ చప్పట్లు మోగాయి. ఆయన మాత్రం తల పట్టుకుని గట్టుమీద కూలబడ్డాడు.

"మరి ఎందుకు నాయనా అట్ల కూచున్నావు?"

"ఇన్నేండ్లూ నిన్ను బోర్లా ఈదిస్తిని గదమ్మా!"